చలనచిత్రమున కథకుడెవడు?

సాహిత్యకృతిని చలనచిత్రముగా మలచినప్పుడెల్ల మన పండితలోకమున ఒకే ప్రశ్న వినబడుచుండును: మూలమును ఎంతవరకు అనుసరించినారు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము. గ్రంథమును ఎదుట నుంచుకొని, చిత్రమున విడిచిన ఘట్టములను, చేర్చిన పాత్రలను, మార్చిన ముగింపును లెక్కించిన చాలును. లెక్క ముగియగనే విమర్శయు ముగిసినదని మనము భావించుచున్నాము. నా అభిప్రాయమున అక్కడికి విమర్శ ఇంకను ప్రారంభమే కాలేదు. గ్రంథమున కథ చెప్పువాడొకడున్నాడు. అతని కంఠము, అతని దృష్టి, అతని మౌనము కలిసి ఆ కథకు రూపమిచ్చినవి. చిత్రమున ఆ కథకుని స్థానమును ఎవరు, ఏ ఉపాయముచేత పూరించినారు? అనుసరణమును పరీక్షింపవలసిన ప్రశ్న ఇదియే అని ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచినాను.

ఈ విషయము నాకు కేవలము శాస్త్రచర్చగా తోచకపోవుటకు నేనుండు చోటొక కారణము. ఆస్టినాబాదు దక్షిణ అండమానులో, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనబడి ఇప్పుడు శ్రీవిజయపురమైన పట్టణము చెంతనున్న జనావాసము. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మందికి పైగా, అనగా సుమారు 50 వేలమంది. వారిలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళ ప్రాంతమునుండి సముద్రము దాటి వచ్చినవారు. ఇంట తెలుగు, బజారున హిందీ, బడిలో హిందీయో ఇంగ్లీషో. బడిలో తెలుగు చదివినవారును లేకపోలేదు గాని, మాట వచ్చియు లిపి రాని యువకులు ప్రతి తరమునను పెరుగుచున్నారు. వీరికి మధురవాణి పేరు తెలియును. కన్యాశుల్కము పుస్తకము తెలియదు. దేవదాసు తెలియును, శరత్‌బాబు తెలియదు. అట్టి చోట చలనచిత్రము సాహిత్యమునకు ప్రవేశద్వారమగుచున్నది. ద్వారము ఎట్లున్నదో విచారించుట ఇంటివారి బాధ్యతయే కదా!

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. మూలకథను మార్చుట అపచారమను భావము మన సాహిత్యశాస్త్రమున పుట్టినది కాదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున కవికి స్పష్టమైన స్వాతంత్ర్య మిచ్చినాడు. ఇతిహాసమునుండి గ్రహించిన కథలో రసమునకు అననుకూలమైన అంశమున్నచో కవి దానిని విడిచి అనుకూలమైనదానిని కల్పించుకొనవచ్చునని ఆయన మతము. కథను ఉన్నదున్నట్లు చెప్పుట ఇతిహాసమే చేసినదనియు, కవికి ఆ పనితో ప్రయోజనము లేదనియు ఆయన అభిప్రాయము. కుంతకుడు ఇంకను ముందుకు పోయి, మూలకథలోని ఘట్టమును మార్చుటచేత కలుగు చమత్కారమును ప్రకరణవక్రత యనియు, సమగ్రకృతి రసమునే వేరొకటిగా మలచుటచేత కలుగు చమత్కారమును ప్రబంధవక్రత యనియు విభజించి చూపినాడు. మహాభారతమున లేని దుర్వాసశాపమును కాళిదాసు శాకుంతలమున చేర్చుట ఆయన మెచ్చిన ఉదాహరణములలో నొకటి. ఆ శాపము లేకున్న దుష్యంతుడు కేవలము వంచకుడుగా మిగిలియుండును.

తెలుగువారికి ఈ ధర్మము వేరుగ నేర్పనక్కరలేదు. మన సాహిత్యము అనుసృజనముతోనే ఆరంభమైనది. పదునొకండవ శతాబ్దమున నన్నయ మొదలిడిన భారతమును పదుమూడవ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచించి నడిపించినప్పుడు, సంస్కృతమూలమును శ్లోకమునకు పద్యముగా మార్చుకొనుచు పోలేదు. ఎక్కడ సంగ్రహింపవలెనో, ఎక్కడ పాత్రల మాటలచేతనే కథ నడపవలెనో ఆయన నిర్ణయించుకొనినాడు. అదే విరాటపర్వకథను ఆధారముగా గొని 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున ‘నర్తనశాల’ వచ్చినది. అజ్ఞాతవాసకథకు నాట్యము నేర్పు శాలను పేరుగా నిలుపుటలోనే కథాకేంద్రమును గూర్చిన ఒక నిర్ణయమున్నది. తిక్కనకు ఒప్పిన స్వాతంత్ర్యము సముద్రాల రాఘవాచార్యులకు ఒప్పదనుటకు శాస్త్రాధారము కనబడదు.

ఐనచో చిత్రకారుడు ఏమి చేసినను సరియేనా? కాదు. స్వాతంత్ర్యమున్నచోటనే బాధ్యతయు నుండును. ఆ బాధ్యత ఎట్టిదో తెలిసికొనుటకు రెండు మాధ్యమముల కథనరీతులలోని భేదమును గుర్తింపవలెను.

మాటకు గల శక్తులలో మూడింటిని చలనచిత్రము సులభముగా పొందలేదు. ఒకటి సంగ్రహము. “ఆ విధముగా పదేండ్లు గడచినవి” అని నవలాకారుడు ఒక వాక్యమున చెప్పును. కెమెరాకు పదేండ్లు కనబడవు. ఒక దినము, ఒక గది, ఒక ముఖము కనబడును. రెండవది అభావము. “ఆ రాత్రి ఆమె రాలేదు” అని చెప్పుట మాటకు సులభము. రానిదానిని బొమ్మ తీయుటెట్లు? తెరచియున్న తలుపును, వడ్డించి యుంచిన విస్తరిని చూపవలసినదే. మూడవది, మన భాషకు మిక్కిలి ముఖ్యమైనది, ‘అట’ యను చిన్నమాట. “ఒక ఊరిలో ఒక రాజుండెనట” అనగానే తెలుగుకథకుడు తాను సాక్షిని కాననియు, విన్నదానినే చెప్పుచున్నాననియు తెలియజేయును. కెమెరాకు ‘అట’ లేదు. అది చూపినదెల్ల కన్నులయెదుట జరిగినట్లే యుండును. వదంతియు, అనుమానమును, జ్ఞాపకమును, కలయు తెరమీద సమానముగా నిజములైపోవును.

ఈ లోపమును తీర్చుకొను ఉపాయములు చలనచిత్రమునకు లేకపోలేదు. షాట్ల కూర్పు, కెమెరా నిలుచుచోటు, వెలుగునీడలు, నేపథ్యసంగీతము, పూర్వకథను జ్ఞాపకముగా చెప్పించుట, ముఖమును దగ్గరగా చూపి మాటను ఆపివేయుట, ఇవన్నియు కలిసి ఒక కంటికి కనబడని కథకుని నిర్మించును. మన బుఱ్ఱకథకుడు తానే రాజై మాటలాడును, తానే రాణియై దుఃఖించును, మరుక్షణమున రెండడుగులు వెనుకకు వేసి కథకుడై నిలుచును. ప్రక్కనున్న వంతలలో ఒకడు హాస్యమాడును, మరియొకడు లోకము మాట చెప్పును. ఒక దృష్టినుండి మరియొక దృష్టికి పోవు ఈ విద్య తెలుగు ప్రేక్షకునకు చలనచిత్రము రాకముందే అలవడియున్నది. కావున చిత్రకథనమును పడమటినుండి వచ్చిన యంత్రవిద్యగా మాత్రమే చూచుట మన సంప్రదాయమును తక్కువ చేసికొనుటయే యగును.

ఇక ఉదాహరణములు. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ‘మాయాబజార్’ కథ వ్యాసభారతమున లేదు. శశిరేఖాపరిణయగాథ జనశ్రుతిలోను రంగస్థలముమీదను పెరిగినది. పాండవుల బంధువర్గపు కథయైయుండి ఆ చిత్రమున పాండవులు కనబడరు. లోపమని తోచవచ్చును గాని, ఆ నిర్ణయముచేతనే భారతకథ ఒక ఇంటి కథగా, పిల్ల పెండ్లి కథగా మారినది. అందలి ‘ప్రియదర్శిని’ యను పేటిక మఱియొక విశేషము. దానిని తెరచి చూచినవారికి తమకు ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును. నవలాకారుడు “ఆమె మనస్సున అతడే యుండెను” అని వ్రాయవలసిన వాక్యమును ఇక్కడ ఒక వస్తువు చెప్పినది. మనోగతమును దృశ్యము చేయుట యనగా ఇదియే.

1977లో మృణాల్ సేన్ తెలుగున నిర్మించిన ‘ఒక ఊరి కథ’ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథకు అనుసరణము. హిందీ, ఉర్దూ పాఠకులకు సుపరిచితమైన ఆ కథలో తండ్రియు కొడుకును గుడిసెవాకిట నిప్పు దగ్గర కూర్చుండి దుంపలు కాల్చుకొని తినుచుందురు. లోపల కోడలు ప్రసవవేదనతో ప్రాణము విడుచును. ప్రేమ్‌చంద్ మనకు ఆమె మూలుగును వినిపించినాడు గాని ఆమెను చూపలేదు. ఆ చూపకపోవుటయే ఆ కథలోని క్రౌర్యము. సేన్ ఆ మార్గమును విడిచి, ఆమెను సజీవురాలిగా, పనిచేయుదానిగా, ప్రశ్నించుదానిగా ముందుగనే మన యెదుట నిలిపినాడు. మూలమును విడిచినాడని లెక్కవ్రాయువారు ఇక్కడ పెద్ద అంకెనే వేయవలసియుండును. కాని రెండుగంటలు నడచు చిత్రమున కనబడని స్త్రీ కేవలము ధ్వనిగా మిగిలినచో ప్రేక్షకుని దయ ఆమెపై నిలువదు. కథానికలో మౌనము చేసిన పనిని చిత్రమున పరిచయము చేసినది. బంగాలీ దర్శకుడు, హిందీ ఉర్దూల రచయిత, తెలుగు పల్లె, తెలుగు మాట. భారతీయభాషల తులనాత్మకాధ్యయనమునకు ఇంతకంటె మంచి పాఠ్యాంశము అరుదు.

కాలక్రమమును మార్చుటకు ‘మా భూమి’ సాక్ష్యము. కృష్ణచందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఉరికంబమునకు ముందు రాత్రి చెరసాలలోనున్న ఒక యువరైతు స్మృతులుగా నడచును. అంతము తెలిసియే పాఠకుడు వెనుకకు పోవును. గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1979లో నిర్మింపబడిన చిత్రము తెలంగాణ రైతుల పోరాటమును రామయ్య జీవితముతో ముడివెట్టి ముందునకే నడపినది. నవలలోని ప్రశ్న “ఈతడు ఇక్కడికి ఎట్లు వచ్చెను?” చిత్రములోని ప్రశ్న “ఇక ఏమి జరుగును?” మొదటిదానిలో చింతన అధికము, రెండవదానిలో సామూహికోద్వేగ మధికము. కథ ఒకటే యని ఊరకుండినచో ఈ భేదము మన కంటబడదు.

‘దేవదాసు’ మఱియొక విధమైన సమస్య. 1917లో వెలువడిన శరత్‌చంద్రుని నవల చివర కథకుడు పాఠకునితో నేరుగ మాటలాడి దయను యాచించును. తెరమీద అట్టి వ్యాఖ్యానమునకు చోటులేదు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వచ్చిన తెలుగు చిత్రమున ఆ దయను సి.ఆర్. సుబ్బురామన్ సంగీతము, ఘంటసాల కంఠము అర్థించినవి. పాటను కథకడ్డమని తలచు విమర్శకులు దీనిని గమనింపవలెను. మంచి తెలుగు చిత్రమున పాట తరచుగా తప్పిపోయిన కథకుని కంఠమే.

‘కన్యాశుల్కము’ విషయమున చిక్కు ఇంకను పెద్దది. 1897లో తొలికూర్పుగా, 1909లో పెంచి మార్చిన మలికూర్పుగా వెలువడిన ఆ నాటకమున ప్రత్యేకముగా కథకుడు లేడు, భాషయే కథకుడు. ఎవడు ఏ మాట, ఏ యాసతో, ఎన్ని ఇంగ్లీషు ముక్కలు కలిపి పలికెనో అందులోనే అతని చరిత్రయంతయు నున్నది. పూర్తిగా ప్రదర్శించిన పెక్కుగంటలు పట్టు ఏడంకముల ఆ మలికూర్పు 1955లో పి. పుల్లయ్య చిత్రముగా మూడుగంటలకు కుదింపబడినది. మాటలు తగ్గినవి. తగ్గినచోట ముఖములు నిలిచినవి. మధురవాణిగా సావిత్రి ఒక చూపుచేత, ఒక చిరునవ్వుచేత పూరించిన వాక్యములు అనేకములు. అయినను విజయనగరపు భాషలోని ఆ సాంద్రత చిత్రమున పలుచబడినదని ఒప్పుకొనవలెను. ఇది నటులలోపము గాదు. మాటయే ప్రాణమైన కృతిని కంటికి అప్పగించినపుడు చెల్లింపవలసిన మూల్యము.

ఈ మూల్యము ఎక్కువైన సందర్భములును గలవు. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ 1969లో సి.ఎస్. రావు దర్శకత్వమున చిత్రమైనది. మధుర నాయకరాజుల కాలపు ఆ కథలో ఇద్దరు స్నేహితులు ఒకరు ప్రేమించిన కన్యను మరియొకరు తెలియక వివాహమాడుదురు. ఈ కథాసూత్రము చిత్రమున భద్రముగనే యున్నది. కాని నవలలో మనలను కదలించునది సూత్రము కాదు. పాత్రల మనోధర్మమును చుట్టుకొని తిరుగు విశ్వనాథవారి వాక్యము. ఆ వాక్యమునకు బదులుగా చిత్రము మనకు రమ్యమైన మాటలను, పాటలను ఇచ్చినది. ఆ చూపును ఇవ్వలేదని నా అభిప్రాయము. మూలకథను మిక్కిలి విడిచిన ‘ఒక ఊరి కథ’ ప్రేమ్‌చంద్‌కు దగ్గరగా నిలుచుటయు, కథాసూత్రమును నిలుపుకొనిన ‘ఏకవీర’ విశ్వనాథకు దూరమగుటయు చూచినచో, ఘట్టముల లెక్క ఎంత నిరుపయోగమో స్పష్టమగును.

‘అట’ సమస్యకు మంచి పరిష్కారము ఆలస్యముగ లభించినది. చలం కథ ‘దోషగుణం’ ఆధారముగా ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ‘గ్రహణం’ 52వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో తొలిచిత్ర దర్శకునకిచ్చు బహుమతిని పొందినది. ఒక గృహిణి శీలమును గూర్చి పుట్టిన అనుమానము ఆ కథకు మూలము. అసలేమి జరిగినదో చూపినచో కథ చచ్చును. చిత్రము గతమును జ్ఞాపకముగా నడపి, నిజమునకంటె దానిని చూచువారి చూపులను మనకు చూపినది. కెమెరాచేత ‘అట’ అనిపించుట సాధ్యమేయని ఇది ఋజువు చేసినది.

కావున అనుసరణమును పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలునని నా మనవి. మూలమున కథకుడు ఎచ్చట నిలిచి చూచుచున్నాడో చిత్రకర్త గుర్తించెనా? మాట చేసిన పనిని దృశ్యము చేయునట్టి ఉపాయము వెదకెనా, లేక పుస్తకములోని వాక్యమునే పాత్ర నోట పెట్టి ఊరకుండెనా? మూలము ధ్వనిగా విడిచినదానిని ధ్వనిగనే నిలిపెనా, లేక ప్రేక్షకునకు తెలియదేమోయను భయముతో విప్పి చెప్పెనా? ఈ మూడింటికి సరియైన సమాధానమున్నచో కథలో ఎంత మార్పు జరిగినను అది సదనుసరణమే. లేనిచో అక్షరము పొల్లుపోకున్నను అది నకలు మాత్రమే.

దీనికి రెండు ఆక్షేపణలు వినబడును, రెండింటిలోను సత్యమున్నది. చిత్రము పాఠకుని ఊహను బంధించునని మొదటిది. సావిత్రిని చూచినవానికి వేరొక మధురవాణి ఊహకు రాదు. ఈ నష్టము నిజము, దానికి పరిహారము లేదు. చిత్రము చూచినవాడు పుస్తకము తెరవడని రెండవది. మచిలీపట్నమునందో వరంగల్లునందో కూర్చుండి ఈ మాట చెప్పుట తగును. ఆస్టినాబాదునందు చిత్రము తొలగినచో దాని స్థానమున పుస్తకము రాదు, మౌనము వచ్చును. కాని ఇందులో నాకును ఒక భయమున్నది. చిత్రమే చాలునని మనము తృప్తిపడినచో, రెండు తరములలో ఆ చిత్రము లోని తెలుగును సైతము క్రింద వ్రాసిన హిందీ ఇంగ్లీషు వాక్యములద్వారా గ్రహింపవలసిన దినము వచ్చును. ద్వారమున నిలిచినవారిని లోపలికి పిలుచువారు లేకున్న ద్వారమువలన ప్రయోజనమేమి?

ఇంకొక మాట. ఈ దీవులు తెరమీదికి వచ్చియున్నవి. 1978నాటి తమిళచిత్రము ‘అందమాన్ కాదలి’ 1979లో వి. మధుసూదనరావు దర్శకత్వమున తెలుగున ‘అండమాన్ అమ్మాయి’ యైనది. 1996లో ప్రియదర్శన్ మలయాళమున తీసిన ‘కాలాపాని’ సెల్యులర్ జైలు యాతనలను చూపినది. రెండింటను దీవి ప్రధానభూమినుండి వచ్చినవాని కంటితో కనబడును. అతడు విహారమునకు వచ్చినను, సంకెళ్ళతో వచ్చినను దృష్టి అతనిదే. ఇచ్చటనే పుట్టి, ఇచ్చటనే వృద్ధులైన తెలుగువారి కంటితో చెప్పబడిన కథ వేరుగా నుండును. మన్యపు తిరుగుబాటులో శిక్షపడి ఈ దీవులకు తేబడిన గాం మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. 1974నాటి ‘అల్లూరి సీతారామరాజు’ నాయకుని మరణముతో ముగియుట ఆ కథకు సహజమే. కాని ఆ ముగింపు దగ్గరనుండి ఆరంభమగు కథ ఒకటి ఇచ్చటి సముద్రతీరమున నున్నది. దానికి ముందు పుస్తకము కావలెను, పుస్తకమునకు ముందు వృద్ధుల నోటిమాట సేకరింపబడవలెను.

భారతీయభాషాశాఖలు చేయదగిన పనులు మూడు కనబడుచున్నవి. చిత్రానువాదములను, సంభాషణప్రతులను నశింపకముందే సేకరించి, తాళపత్రములకిచ్చు గౌరవముతో పరిష్కరించి భద్రపరుపవలెను. మూలగ్రంథమును, దాని చిత్రమును ఒకే పాఠ్యాంశముగా చేర్చి, ఒక ఘట్టమును చదివించి, అదే ఘట్టమును చూపించి, కథకుడు ఎచ్చటికి పోయెనో విద్యార్థులచేత వెదకింపవలెను. లిపి రానివానికి చిత్రములోని ఒక సన్నివేశమే తొలి వాచకము కావచ్చును. తాను విన్న మాటను అక్షరములలో గుర్తించినవాడు తరువాతి పుటను తనంతతానే త్రిప్పును. మూడవది, రాష్ట్రముల వెలుపలనున్న తెలుగువారి మౌఖికకథలను వారి యాసలోనే లిఖింపవలెను. రేపటి నవలలకు, చిత్రములకు అదియే ముడిసరకు.

చలనచిత్రమును సాహిత్యశత్రువుగా చూచిన కాలము మనలను ఎక్కువ దూరము నడపలేదు. దానిని ఒక వ్యాఖ్యానముగా గ్రహించి, మంచి వ్యాఖ్యానమునకు విధించు నియమములనే దానికిని విధింపవలెను. వ్యాఖ్యాత మూలమును దాటి పలుకవచ్చును. మూలమునకు చెవుడై పలుకరాదు. ఆ చెవి గల చిత్రకర్తలను గుర్తించి ప్రశంసించుట, లేనివారిని నిష్పక్షపాతముగా విమర్శించుట విశ్వవిద్యాలయముల పని. పత్రికల తారతమ్యనిర్ణయములకు ఆ పనిని ఇంకను వదలియుంచుట తగదు.